నీళ్ల గీత ఎక్కడుందో చూశాకే చెక్క కొనండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. ఇంటి వెనకో పొలం పక్కనో చెరువో లేకో ఉంది, అక్కడిదాకా కాలికి బురద అంటకుండా వెళ్లడానికి ఒక నడకదారి వేసుకోవాలి, ఎలా అని. అందుకే మిగతావి వచ్చే నెలకి పెట్టి ఈ నాలుగే తీసుకున్నా. నేను ఇరిగేషన్‌లో చెరువుల పని మీద ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ణి, ఇప్పుడు ఏడాదిలో ఐదారు నెలలు అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నా, కాబట్టి అక్కడి నీళ్లూ ఇక్కడి నీళ్లూ రెండూ కాస్త తెలుసు.

ప్రశ్న: మాష్టారూ నమస్తే. మేము విస్కాన్సిన్‌లో మ్యాడిసన్‌కి గంట దూరంలో ఒక చిన్న లేక్ పక్కన ఇల్లు కొన్నాం. ఇంటి దగ్గర్నుంచి నీళ్ల దాకా 150 అడుగులు ఉంటుంది, మొదట వాలు, తర్వాత ఒక 50 అడుగులు తుంగ, జమ్ము పెరిగిన బురద నేల, ఆ తర్వాత నీళ్లు. మా అత్తగారు మే నెలలో వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కానీ పొద్దున్నే నీళ్ల దగ్గర కూర్చుని జపం చేసుకోవాలని ఆశ. ఒక కాంట్రాక్టరు బురద మీద గుడ్డ పరిచి గ్రావెల్ పోసేస్తే వారంలో అయిపోద్ది అంటున్నాడు, ఇంకొకాయన కాంక్రీట్ పోద్దామంటున్నాడు, మా ఆయనేమో యూట్యూబ్ చూసి మనమే చెక్కతో వేసుకుందాం అంటున్నారు. ఏది కరెక్ట్?

జవాబు: మీ ఆయన చెప్పిందే కరెక్ట్ అమ్మా, కాకపోతే యూట్యూబ్ కంటే ముందు కౌంటీ జోనింగ్ ఆఫీసుకి, అంటే మీ జిల్లాలో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే ఆఫీసుకి వెళ్లాలి.

ముందు గ్రావెల్ సంగతి చెప్తా, అది మాత్రం వద్దు. మీరు బురద అంటున్నది ఊరికే పడున్న నేల కాదు, వెట్‌ల్యాండ్, చిత్తడి నేల. దాంట్లో మట్టి గానీ గ్రావెల్ గానీ కాంక్రీట్ గానీ పోస్తే పూడిక కింద లెక్క, దానికి రాష్ట్రం డీఎన్‌ఆర్ (సహజ వనరుల శాఖ) పర్మిట్ కావాలి, ఫెడరల్ క్లీన్ వాటర్ యాక్ట్ 404 సెక్షన్ కూడా తగులుకోవచ్చు. చట్టం మాట పక్కన పెట్టినా అది పనిగా కూడా నిలవదు. ఆ జమ్ము కింద ఉండేది మెత్తటి పీట్, ఏళ్ల తరబడి కుళ్లిన ఆకూ వేరూ, దాని మీద గ్రావెల్ బరువు పడితే ఏడాదికింత కిందికి దిగిపోతూ ఉంటుంది, మీరు పైన పోస్తూనే ఉండాలి. ఇంకోటి, అది చిన్న గట్టులాగా అడ్డం పడి ఒక పక్క నీళ్లు నిలిచిపోతాయి, రెండో పక్క ఎండిపోద్ది. మా సర్వీసులో ఒక చెరువు వెనకాల బండ్ల బాట కోసం ఇలాగే మొరం తోలారు, మొదటి వానకే పైనున్న వరి మడులు వారం రోజులు మునిగి ఉన్నాయి, ఆ మొరం మళ్లీ మేమే తవ్వి తీయించాం. అదే స్తంభాల మీద లేపి కట్టే నడకదారి అయితే, ఫెడరల్ రూల్స్‌లో ఆ స్తంభాలు దిగేయడాన్ని మామూలుగా పూడిక కింద చూడరు, ఎందుకంటే కింద నీళ్లు పారుతూనే ఉంటాయి కాబట్టి. అయినా మీ స్థలానికి ఏది వర్తిస్తుందో డీఎన్‌ఆర్ వాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు అసలు మొదటి పని. మీ స్థలంలో ఆర్డినరీ హై వాటర్ మార్క్ ఎక్కడుందో తేల్చుకోవాలి. అంటే నీళ్లు పదే పదే వచ్చి ఉండటం వల్ల నేల మీద, గడ్డి మీద, చెట్ల మీద గుర్తుగా పడిపోయిన గీత. సహజంగా ఏర్పడ్డ లేకుల్లో ఆ గీతకి కింద ఉన్న అడుగు రాష్ట్రానిది, జనం అందరి తరఫునా రాష్ట్రం చేతిలో ఉన్నట్టు. పైన ఉన్నది మీదే గానీ దాని మీద షోర్‌ల్యాండ్ జోనింగ్, అంటే ఒడ్డు నేలకి వర్తించే కట్టడాల రూలు ఉంటుంది. ఆ గీత నుంచి 75 అడుగుల లోపల మామూలు కట్టడాలు కట్టకూడదు, నీళ్ల దగ్గరికి నడిచి వెళ్లడానికి అవసరమైన దారికీ మెట్లకీ మాత్రం మినహాయింపు ఉంది, వెడల్పు 60 అంగుళాలు దాటకూడదు. ఒడ్డు నుంచి 35 అడుగుల మేర చెట్టూ చేమా అలాగే ఉంచాలి, చూపు కోసం, దారి కోసం మీ ఒడ్డు పొడుగులో 35 శాతం దాకానే తెరుచుకోవచ్చు. ఇవి రాష్ట్రం మొత్తానికి ఉన్న లెక్కలు, కౌంటీ పర్మిట్ ఫీజు, కాగితాలు వేరేగా ఉంటాయి.

వెడల్పు 60 దాకా పోవచ్చు కదా అని పోవద్దు, 48 అంగుళాలు చాలు, అత్తగారూ పక్కన చెయ్యి పట్టుకునే మనిషీ ఇద్దరూ నడవొచ్చు. వాలు దగ్గర ర్యాంప్ అనుకుంటారేమో, వీల్‌చైర్ లెక్కలో ఒక అడుగు దిగాలంటే 12 అడుగుల ర్యాంప్ కావాలి, వాలు 10 అడుగుల లోతు ఉంటే 120 అడుగుల ర్యాంప్ అవుద్ది, ఆ స్థలం మీకు లేదు. కాబట్టి మెట్లే వేయండి, కానీ ఇంట్లో మెట్లలాగా కాదు, మెట్టు ఎత్తు 6 అంగుళాలకి మించకుండా, కాలు పెట్టే చోటు 14 అంగుళాలు ఉండేట్టు, ఏడెనిమిది మెట్లకి ఒక చిన్న చదును, రెండు పక్కలా పట్టుకునే కమ్మీ. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కంటే దిగడమే కష్టం, కమ్మీ రెండు వైపులా ఉండాలనడం అందుకే.

బురద మీద వచ్చేసరికి పునాదే ప్రాణం. అక్కడ చలికి నేల గడ్డ కట్టి పైకి ఉబ్బుతుంది, ఇళ్ల పునాదులే 48 అంగుళాల లోతుకి పోవాలని ఆ రాష్ట్రం రూలు. బురదలో గొయ్యి తీసి కాంక్రీట్ దిమ్మ పోస్తే మంచు ఆ దిమ్మని రెండు చేతులా పట్టుకుని పైకి లాగినట్టు లాగుద్ది, మూడో చలికాలానికి మీ దారి పాములా మెలికలు తిరిగి ఉంటుంది. దానికి బదులు హెలికల్ పైల్స్ అని స్క్రూ లాంటి ఇనప కడ్డీలు ఉంటాయి, పీట్ దాటి కింద గట్టి నేల తగిలేదాకా తిప్పుతూ దించుతారు, గొయ్యి ఉండదు, మట్టి బయటికి రాదు, రేపు వద్దనుకుంటే వెనక్కి తిప్పి తీసేయొచ్చు కూడా. దించే ముందు 811కి ఫోన్ చేసి కింద గ్యాస్ పైపులూ కేబుళ్లూ ఉన్నాయేమో గుర్తులు పెట్టించుకోండి, అది ఫ్రీ.

ఎత్తు దగ్గర కాస్త ఆలోచించాలి. దారి ఎంత ఎత్తుగా ఉంటే కింద గడ్డికి అంత వెలుతురు తగులుద్ది, తుంగ బతుకుద్ది, తుంగ బతికితేనే ఒడ్డు కోసుకుపోకుండా ఉంటుంది. కానీ నేల నుంచి 24 అంగుళాలు దాటితే రెండు పక్కలా పూర్తి రెయిలింగ్ కట్టాల్సి రావచ్చు, అందుకని 24 అంగుళాల లోపలే ఆగండి. పలకకీ పలకకీ మధ్య సందు అర అంగుళం ఉంచండి, అంతకు మించితే చేతికర్ర మొన ఇరుక్కుంటుంది. అంచున 4 అంగుళాల ఎత్తు చెక్క అడ్డంగా కొట్టండి, చీకట్లో కాలు జారకుండా అదే కాస్తుంది. కింద దూలాలు 16 అంగుళాలకి ఒకటి.

చెక్క కొనేటప్పుడు ట్రీటెడ్ అన్న మాట ఒక్కటి చూసి తెచ్చుకోకండి, చివర కొట్టిన చీటీ మీద గ్రౌండ్ కాంటాక్ట్ అని, నేలకి తగిలే చోట్లకి యూసీ4ఏ, స్తంభాలకి చెక్కే వాడితే యూసీ4బీ అని ఉంటుంది. ఇప్పటి ట్రీటెడ్ చెక్కలో రాగి ఎక్కువ, అది మామూలు మేకుల్ని తినేస్తుంది, అల్యూమినియం తగిలితే దాన్నీ తినేస్తుంది, కాబట్టి హాట్ డిప్ గాల్వనైజ్డ్ (మందంగా జింకు పూత పూసిన) స్క్రూలు లేకపోతే స్టెయిన్‌లెస్. పక్కింటాయన పాత డాక్ (పడవ కట్టుకునే బల్లకట్టు) చెక్క ఊరికే ఇస్తానంటే మొహమాటపడకుండా వద్దనండి, 2003 దాకా ఇళ్లకి అమ్మిన ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్ ఉండేది. రైల్వే స్లీపర్లు అసలే వద్దు, వాటిలో క్రియోసోట్ అనే విషపు తారు నూనె ఉంటుంది. కోతలన్నీ పైన లాన్ మీద పట్టా పరిచి కోయండి, పొట్టు నీళ్లలో పడకూడదు, ముక్కలు పొయ్యిలో కాల్చకూడదు.

చివర నీళ్లలోకి పోయే భాగం, దాన్ని అక్కడ పియర్ అంటారు, అది వేరే రూలు. 6 అడుగుల వెడల్పు లోపల, 3 అడుగుల లోతు వచ్చేదాకా లేదా పడవ ఆగడానికి కావలసినంత లోతు దాకా, ఈ పరిమితుల్లో ఉంటే మామూలుగా డీఎన్‌ఆర్ పర్మిట్ అక్కర్లేదు. దీన్ని మాత్రం పక్కాగా కట్టొద్దు, చక్రాలున్నదో విడదీసేదో తీసుకుని చలికాలం రాకముందే ఒడ్డుకి లాగేయండి. వసంతంలో గాలికి ఐస్ పలకలు ఒడ్డు మీదికి తోసుకొస్తాయి, ఇనుము కూడా వంగిపోద్ది, మా అమ్మాయి వాళ్ల వీధి చివర ఒకటి చూశా, సోఫాని మడత పెట్టినట్టు ఉంది.

మే నెల సంగతి. పర్మిట్ వచ్చి మేలోపు అంతా అయిపోవడం కష్టం, పైగా బురద మీద పని చేయడానికి మంచి కాలం జనవరి, నేల గడ్డకట్టి ఉంటుంది, మనుషులూ మెషీన్లూ తిరిగినా తుంగ వేర్లు నలగవు. కాబట్టి ఈ ఏడాదికి మెట్ల వరకు కట్టించండి, బురద మొదలయ్యే పైఅంచున ఆఖరి చదును మీద వీపు ఆనే, చేతులు పెట్టుకునే బల్ల ఒకటి, 18 అంగుళాల ఎత్తులో. అక్కడ్నుంచి నీళ్లు బాగా కనిపిస్తాయి, ఆవిడ జపానికి ఆ చోటు చాలు. వచ్చే చలికాలం మిగతాది. ఇంకో మాట, మంచు పడితే ఆ మెట్ల మీద ఉప్పు చల్లకండి, ఒక చెంచాడు ఉప్పు ఐదు గ్యాలన్ల నీళ్లని పాడు చేస్తుంది, అది వాలు మీదుగా నేరుగా లేకులోకే పోద్ది. ఇసక చల్లండి.

ప్రశ్న: సార్, మాది సంగారెడ్డి దిక్కు. మా నాయినకు చెరువు ఒడ్డున రెండెకరాల పట్టా ఉంది. వానాకాలం చెరువు నిండితే కింద అరెకరం దాక నీళ్లొస్తయి, ఎండాకాలం ఎండిపోతది. తమ్ముడు, నేను కలిసి ఫామ్‌హౌస్ కట్టి, చెరువు లోపలికి ఒక నలభై ఫీట్లు సిమెంట్ పిల్లర్ల మీద నడిచే బ్రిడ్జి లెక్క వేద్దామనుకుంటున్నం. పక్క వెంచర్ వాళ్లు ఆల్రెడీ వేసిన్రు. పట్టా ఉంది కదా, ఎవరన్న ఆపుతరా?

జవాబు: ఆపుతారు నాయనా, ఆపాలి కూడా. ఇది చదివి మీకు కోపం వచ్చినా సరే, పైసలు పెట్టకముందే చెప్పడం నా బాధ్యత.

నీళ్లొచ్చే ఆ అరెకరం శిఖం. రికార్డులో పట్టా శిఖం అని ఉంటుంది చూడండి. నీళ్లు తగ్గాక దాంట్లో పంట వేసుకునే హక్కు మీ నాయినకి ఉంది, కానీ ఆ నేలని పూడ్చడానికి, దాంట్లో కట్టడానికి లేదు. 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్‌లో ఈ సంగతి తేటగా ఉంది. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటి గీత) లోపల ఏ కట్టడమూ కూడదు, ఆ గీత దాటాక కూడా చెరువు 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకంటే పెద్దదైతే 30 మీటర్లు, చిన్న కుంట అయితే 9 మీటర్లు బఫర్ వదలాలి. వెట్‌ల్యాండ్ రూల్స్ 2017 వర్తించే చెరువైతే ఇంకా గట్టిగా ఉంటుంది. గత పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల పక్కా కట్టడం వద్దంది, పడవలు ఆగే జెట్టీలకి మాత్రమే మినహాయింపు. ఔటర్ రింగ్ రోడ్డు లోపల 2024 నుంచి హైడ్రా వచ్చి చెరువుల్లో కట్టినవి కూలగొట్టడం పేపర్లలో చూసే ఉంటారు. మీరు ఔటర్ బయట కావచ్చు, కానీ ఎఫ్‌టీఎల్ రూలు ఔటర్ దగ్గర ఆగిపోదు. పక్క వెంచర్ వాళ్లు వేశారంటే వాళ్లకి నోటీసు ఇంకా రాలేదని అర్థం, అంతే.

పిల్లర్లే కదా, నీళ్లు కింద నుంచి పోతాయి కదా, అమెరికావాళ్లకి చెప్పింది మాకెందుకు చెప్పరు అని అడుగుతారేమో. అక్కడి లేకు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటుంది. మన చెరువు అలా కాదు, నిండుద్ది, ఎండుద్ది, మత్తడి (అలుగు) దూకుద్ది, పైచెరువు నీళ్లు కింది చెరువుకి పోయే గొలుసుకట్టులో ఒక కొంకి అది. మీ పిల్లర్ల చుట్టూ గుర్రపుడెక్క చుట్టుకుంటే అక్కడ ఒండ్రు పడి రెండు మూడేళ్లకి దిబ్బ తేలుద్ది, చేపల సొసైటీ వాళ్ల వలలు పిల్లర్లకి చిక్కి చినుగుతాయి, ఆ ఒడ్డున బర్రెలు దిగే దారి మూసుకుపోద్ది. నీళ్ల మీద హక్కున్నవాళ్లు మీరొక్కరే కాదు. లక్నవరం చూశారు కదా, అక్కడ టూరిజం వాళ్లు వేసిన దారి తీగల మీద వేలాడేది, నీళ్ల మీదుగా పోద్ది, అయినా అది సర్కారు అందరి కోసం వేసింది, ఒకరి పొలంలోంచి చెరువులోకి దూసుకొచ్చింది కాదు.

మరి ఏం చేయొచ్చు? ముందు గీత పెట్టించుకోండి. ఎఫ్‌టీఎల్ అంటే పెద్ద రహస్యం ఏం కాదు, మత్తడి మీద నుంచి నీళ్లు దూకడం మొదలయ్యే మట్టమే అది. ఒక సర్వేయర్‌ని పిలిచి మత్తడి రాయి మీద నుంచి లెవెల్ పట్టించి, అదే మట్టం మీ పొలంలో ఎక్కడ వస్తుందో రాళ్లు పాతించండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో అయితే చాలా చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, అవి తీసి సరిపోల్చుకోండి, ఇరిగేషన్, రెవెన్యూ వాళ్ల సంతకం ఉన్నదే చివరికి చెల్లుతుంది. ఊళ్లో పాత నీరటి, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషి ఉంటే ఆయన్నీ అడగండి, చెరువు నిండిన ఏడాది నీళ్లు ఏ చెట్టు మొదలు దాకా వచ్చాయో వేలు పెట్టి చూపిస్తాడు.

ఆ రాళ్లకి అవతల బఫర్ వదిలి ఫామ్‌హౌస్ అనుమతికి పెట్టుకోండి. బఫర్‌లో సిమెంట్ లేకుండా మట్టి బాట, నాలుగైదు అడుగులు, గీత వెంబడే పోయేట్టు. పక్కన తెల్లమద్ది నాటండి, వాగుల ఒడ్డున పెరిగే చెట్టు, కాళ్లు తడిసినా తట్టుకుంటుంది, దూరంగా పొడి నేల మీద కానుగ, వేప. ఒక రాతి అరుగు. నీళ్లు మీ దగ్గరికి వానాకాలంలో అవే వస్తాయి, మీరు లోపలికి పోనక్కర్లేదు. అరెకరంలో పంట మానకండి, ఆ సాగు కాగితాలే రేపు మీ హక్కుకి సాక్ష్యం.

ప్రశ్న: కమ్మింగ్, జార్జియా నుంచి. మా ఇంటి వెనకే లేక్ ల్యానియర్. మా బ్యాక్‌యార్డ్ నుంచి నీళ్ల దాకా చెట్లు కొట్టి పేవర్స్ దారి వేసి, డాక్ దాకా లైట్లు పెట్టుకోవాలి. హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఓకే అన్నారు. ఇంకెవర్నైనా అడగాలా?

జవాబు: అడగాల్సిన అసలు మనిషిని అడగలేదు మీరు. ల్యానియర్ 1950ల్లో ఆర్మీ కోర్ (అమెరికా సైన్యం ఇంజనీర్ల విభాగం) వాళ్లు బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడింది, చుట్టూ ఒడ్డు నేల వాళ్లదే. మీ ఇల్లు నీళ్ల దాకా ఉందనిపిస్తుంది గానీ మీ హద్దు మధ్యలోనే ఆగిపోతుంది, మీ సర్వే కాగితం చూడండి. ఆ హద్దు అవతల చెట్టు కొట్టినా, దారి వేసినా, డాక్ పెట్టినా, కరెంటు లాగినా కోర్ పర్మిట్ కావాలి, హెచ్‌ఓఏ మాట అక్కడ చెల్లదు. చెట్లు కొట్టి పట్టుబడితే డాక్ పర్మిట్‌కే ఎసరు రావచ్చు.

ఇంకో సంగతి, నిండుమట్టం ఎండాకాలంలో సముద్రమట్టానికి 1,071 అడుగుల ఎత్తు, 2007 కరువులో అది 20 అడుగులు కిందికి పోయింది. పక్కాగా కట్టిన మెట్లు అలాంటి ఏడాది గాల్లో వేలాడతాయి, తేలే డాక్, దానికి కీలు మీద కదిలే వంతెన, అదొక్కటే పని చేస్తుంది.

లైట్ల గురించి మాత్రం బతిమాలి చెప్తున్నా. డాక్ మీద 120 వోల్టుల కరెంటు లీక్ అయితే మంచినీళ్లలో అది మనిషి ఒంటిలోంచే పోతుంది, ఎందుకంటే మంచినీళ్ల కంటే మన ఒళ్లే కరెంటుకి తేలిక దారి. 10, 20 మిల్లీ ఆంపియర్లకే చేతులు కాళ్లు బిగుసుకుపోయి ఈత వచ్చినవాళ్లూ మునిగిపోతారు, కాపాడటానికి దూకినవాళ్లూ పోతారు. సోలార్ లైట్లు పెట్టండి. కాదు కరెంటే కావాలంటే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత గ్రౌండ్ ఫాల్ట్ బ్రేకర్‌తో (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసేది) వేయించి ఏటా చెక్ చేయించండి, కరెంటున్న డాక్ చుట్టూ పిల్లల్ని ఈతకి దింపకండి. నీళ్లలో ఎవరైనా జిమ్మంటోంది అని అరిస్తే దూకొద్దు, ముందు మెయిన్ ఆపండి.

ప్రశ్న: అమలాపురం దగ్గర కొబ్బరి తోటండి మాది. తోటలో ఎకరం చేపల చెరువు, మేత వేయడానికి లోపలికి 20 అడుగుల నడవా కావాలి. కొబ్బరి మొద్దులు వేస్తే రెండేళ్లకే విరిగి మా పాలేరు పడిపోయాడండి. ఇనప పైపులు వేయాలంటే ఉప్పు నీళ్లకి నిలుస్తాయా?

జవాబు: ఆ కుర్రాడికి దెబ్బలేం తగల్లేదనుకుంటా. కొబ్బరి మొద్దు బయట గట్టి, లోపల మెత్తన, నేలకీ తడికీ తగిలిందంటే ఏడాది రెండేళ్లకి మించి నిలవదు. కర్ర ఏదైనా ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉన్న భాగం కుళ్లదు, పైన ఎండలో ఉన్నదీ అంత తొందరగా కుళ్లదు, నీళ్లూ గాలీ రెండూ తగిలే ఆ జానెడు చోటే కుళ్లుద్ది. మీ మొద్దు విరిగింది కూడా అక్కడే అయ్యుంటుంది చూడండి. సరుగుడు బాదులు పాతినా అక్కడే పోతాయి. మామూలు ఇనుముకీ ఉప్పుకీ పడదు, పైపులొద్దు.

నీటిలో దిగేవాటికి కంచెకి వేసే సిమెంటు స్తంభాలు పెట్టుకోండి, ఆరడుగులకి జత, పైన బాగా ముదిరిన తాడి చేవ దూలాలు, మీ వైపు ఇళ్లకి వాడేవే. దూలం నీటికి అడుగున్నర పైన ఉండాలి. వాడేసిన ఇంజనాయిలు మాత్రం పూయకండి, అందరూ పూస్తారు, ఆ తెట్టు నీళ్ల మీద పరుచుకుంటే చేపకి ఊపిరాడదు.

ఖర్చు తగ్గించాలంటే తేలే బల్ల ఇంకా మేలు. 200 లీటర్ల నీలం డ్రమ్ములు నాలుగు, మూతలు బిగించినవి, పైన చెక్క పలకలు, నైలాన్ తాడుతో అడ్డంగా నిలువుగా కట్టాలి. నాలుగూ పూర్తిగా మునిగితే 800 కిలోల దాకా ఎత్తుతాయి, సగం మునకలో ఉంచాలి కాబట్టి పలకల బరువుతో కలిపి 400 కిలోలు అనుకోండి, ఇద్దరు మనుషులూ రెండు మేత బస్తాలూ పడతాయి. డ్రమ్ములు మందుల ఫ్యాక్టరీవి కాకుండా తినే సరుకు వచ్చినవి చూసి కొనండి. ఒడ్డున రెండు కొబ్బరి చెట్లకి కాస్త వదులుగా కట్టండి, వరదకి నీళ్లు లేచినప్పుడు బల్ల కూడా లేవాలి, తాడు బిగుసుగా ఉంటే ఒక పక్క మునిగిపోద్ది.